ముందు వైర్లు చూడండి
చిన్న తెరచాప పడవల్లో ఆటోపైలట్ (చుక్కానిని తానే తిప్పే యంత్రం) దారి తప్పుతోందంటే చౌక దిక్సూచే కారణం, ఖరీదైనది వేసుకోండి అని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. దిక్సూచి పక్కన పోయే కరెంటు వైర్లను ముందు చూడాలి. మాది అనంతపురం దగ్గర పల్లె. సముద్రం లేదు గానీ వేరుశనగ చేలకు మందు కొట్టే డ్రోన్ నడుపుతాను, అందులోనూ దిక్కు చూసే అయస్కాంత సెన్సారే ఉంటుంది. పోయిన ఏడు బ్యాటరీ వైర్లు మార్పించినాక డ్రోన్ సాలు వెంబడి పోకుండా పక్కకు ఒరిగిపోయేది. సెన్సార్ మార్చాలన్నారు, మార్చాను, డబ్బు పోయింది గానీ జబ్బు పోలేదు. చివరికి చూస్తే ప్లస్ వైరు ఒక పక్క, మైనస్ వైరు ఇంకో పక్క లాగినారు. రెండూ కలిపి మెలివేస్తే వాటి అయస్కాంత ప్రభావం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది; అలా మెలివేసి సెన్సార్‌కు దూరంగా కట్టినాక చక్కబడింది. లెక్క చూడండి: 10 ఆంపియర్లు పారే ఒంటి వైరు 10 సెంటీమీటర్ల దూరంలో 20 మైక్రోటెస్లాల (అయస్కాంత బలానికి కొలత) అయస్కాంత క్షేత్రం పుట్టిస్తుంది. మా ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రమే సుమారు 40. పడవలో ఫ్రిజ్ ఆన్ అయితే దిక్సూచి చూపే దిక్కు మారుతుంది, ఆగితే తిరిగొస్తుంది, అందుకే ఒకసారి చేసిన కాలిబ్రేషన్ (దిక్సూచి తప్పును కొలిచి సరిచేసి పెట్టడం) దాన్ని సరిదిద్దలేదు. రేడియోలో మాట్లాడేటప్పుడు మాత్రమే చుక్కాని ఊగితే అది వేరే సంగతి, రేడియో తరంగాలు వైర్లలోకి దూరుతున్నట్టు, దానికి వైర్ల మీద ఫెర్రైట్ పూసలు (ఆ తరంగాలను అడ్డుకునే పింగాణీ లాంటి గొట్టాలు) తొడిగి చూడాలి. స్పీకర్ వెనక ఉండే అయస్కాంతాన్నీ మరవొద్దు. ఒంటరిగా పోయే మనిషి రాత్రి కాసేపు కన్ను మూసేది ఆ యంత్రాన్ని నమ్ముకునే కదా. కొత్తది కొనమనే ముందు, ఒక్కో స్విచ్ వేసి తీసి దిక్సూచిలో అంకె కదులుతుందేమో చూడమని దయచేసి వ్యాసంలో చేర్చండి.