డబ్బా మీద పన్నెండు

మా మామగారు ముప్పై ఏళ్లు ముచ్చటగా నడిపి, మోకాళ్లు మొరాయించాక నాకు అప్పగించిన బుల్లెట్ 1978 నాటిది. దాని సిలిండరు వెనక ఉండే డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే పులిపిరికాయలంత లోహపు ముక్కలు రెండు ఎదురెదురుగా కనిపిస్తాయి. అవి టంగ్‌స్టన్‌తో చేసినవే అయినా మా రాజమండ్రి మెకానిక్కులందరూ వాటిని ‘ప్లాటినం’ అనే అంటారు కనుక, ఫిజిక్స్ లెక్చరర్నయి ఉండి కూడా ఆ మూలకాన్ని సరిదిద్దే ప్రయత్నం నేను ఏనాడో మానుకున్నాను. ఆ రెండూ కలిసి ఉన్నంతసేపు కాయిల్‌లోకి కరెంటు పోతుంది, విడిపోయిన క్షణాన ప్లగ్గులో నిప్పురవ్వ పడుతుంది. విడిపోవడమైనా 0.4 మిల్లీమీటర్లకు మించకూడదు. మా బండిలో ఆ సందు నెలకొకసారి మారిపోయేది, బండి కోటగుమ్మం దగ్గర నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయేది.

ఈ బాధ పడలేక ప్లాటినం తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాలని నిశ్చయించుకున్నాను. కెపాసిటర్‌ను వందల వోల్టులకు నింపి ఒక్కసారిగా కాయిల్‌లోకి కుమ్మరించే సీడీఐ రకం మేలా, కాయిల్ కరెంటును ట్రాన్సిస్టరుతో తెంచి రవ్వను మరికాస్త సేపు నిలబెట్టే రకం మేలా, ఇంజను వేగాన్ని బట్టి రవ్వను కాస్త ముందుగా పడేలా బరువులూ స్ప్రింగులూ చేస్తున్న ‘అడ్వాన్సు’ పనిని చిప్పుకు అప్పగించవచ్చునా అన్న మీమాంసలో రెండు నెలలు గడిచాయి. మా అమ్మాయికి కాలేజీ వెతికినప్పుడు ఇందులో పదో వంతు శ్రద్ధ కూడా పెట్టలేదని మా ఆవిడ అన్నదానిలో అన్యాయమేమీ లేదు. చివరకు ట్రాన్సిస్టరు పక్షం నెగ్గి, అగ్గిపెట్టెకు అన్నలాంటి నల్లటి డబ్బా ఒకటి కొరియర్లో వచ్చింది. దాని అడుగున సన్నని అక్షరాల మధ్య ‘12’ అని ఉంటే, గ్యారంటీ పన్నెండు నెలలు కాబోలునని సంతోషించాను.

ఆదివారం ఉదయం ప్లాటినం, కండెన్సరు ఊడదీసి, వాటి స్థానంలో సెన్సరు బిగించి, తీగలన్నీ పటం ప్రకారం కలిపాను. సిలిండరులోని ఒత్తిడిని వదిలే డీకంప్రెషన్ లివరు పట్టి, పిస్టన్‌ను దాటించి, కిక్కు కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ముప్పయ్యో కిక్కుకు చెప్పు తెగింది. ప్లగ్గు విప్పి సిలిండరు రెక్కలకు ఆనించి చూస్తే రవ్వన్నదే లేదు. అయినా ఆశ చావక, ఇద్దరు పక్కింటి కుర్రాళ్ల చేత గోదావరి గట్టు మీది నుంచి కిందికి తోయించాను. కుర్రాళ్లకు ఆయాసం వచ్చింది గాని బండికి ప్రాణం రాలేదు. ఆ సాయంత్రం, సెన్సరులోని అయస్కాంతపు ధ్రువాలు తారుమారయ్యాయని నిరూపిస్తూ అమ్మినవారికి బొమ్మలతో సహా రెండు పేజీల లేఖ రాసి పెట్టుకున్నాను. దానిని పోస్టు చేయకపోవడం ఒక్కటే ఆ వారం నేను చేసిన తెలివైన పని.

మర్నాడు బండిని నడిపించుకుంటూ మా పాత మేస్త్రి దగ్గరకు వెళ్లాను. ఆయన నా సిద్ధాంతమంతా ఓపికగా విని, డబ్బా వైపు చూడకుండానే పక్క రేకు తెరిచాడు.

“మాస్టారూ, బ్యాటరీకి మూతలెన్ని?”

“మూడు.”

“మూతకు రెండేసి వోల్టులు కదండీ?”

లెడ్ యాసిడ్ సెల్లు బొమ్మ వేసి, ఒక్కో గదికి రెండు వోల్టులని ఏటా ఇంటర్ పిల్లల చేత వల్లె వేయించేవాణ్ణి, ఆరు అని చెప్పడానికి నాకు నోరు పెగలలేదు. ఆయన డబ్బాను ఎండకు తిప్పి పట్టాడు. ‘12’ పక్కన, నేను మరక అనుకున్నది ‘వి’ అన్న అక్షరానికి ఇంగ్లీషు రూపం. చంకలో పిల్లవాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, రెండు నెలలు కెపాసిటర్ల గుణగణాలు విచారించిన నేను సీటు కింద ఉన్న బ్యాటరీ ఎన్ని వోల్టులదో చూడలేదు.

తన సిగరెట్ పెట్టెలోని పలుచని కాగితం చింపి, తిరిగి బిగించిన ప్లాటినం మధ్య పెట్టి, ఇంజను నెమ్మదిగా తిప్పుతూ కాగితం జారి వచ్చిన చోట రవ్వ పడే టైమింగు ఖాయం చేశాడు. హెడ్‌లైటు మీది ఆంపియరు ముల్లు నడిమికి వచ్చేదాకా ఆగి, ఒక్క కిక్కు కొట్టాడు. బండి డబ్ డబ్‌మని అందుకుంది. బిగింపు కూలి రెండు వందలు తీసుకున్నాడు. మూతలు లెక్కపెట్టినందుకు మాత్రం ఏమీ పుచ్చుకోలేదు.