బ్యాంకు రౌండు సీలు గారికి, పదకొండో పేజీ విషయమై

గౌరవనీయులైన రౌండు సీలు గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. క్షేమంగానే ఉంటారు లెండి, బీరువాలో ఉన్నారు కదా. బీరువా తాళం ఆఫీసరు గారి జేబులో ఉంది, ఆఫీసరు గారు చిత్తూరులో మీటింగులో ఉన్నారు. ఈ ముక్క నాకు ఇవాళ మీ బ్రాంచిలో, ఫ్యాను గాలి తగలని ఆ ఒక్క కుర్చీలో, రెండున్నర గంటలు కూర్చున్నాక తెలిసింది. "సారు చిత్తూరు పొయ్యుండాడుమ్మా, రేప్పొద్దన్నే రా" అన్నాడు అటెండరు. ఆ మాట నేను లోపలికి రాగానే చెప్పొచ్చు కదా అంటే, "నువ్వు అడగలేదు కదమ్మా" అన్నాడు. నిజమే, అడగలేదు.

నేను మీకు గుర్తుండకపోవచ్చు. పోయిన మంగళవారం, యూరప్‌లో ఒక సదస్సుకి వెళ్లే వీసా కోసం తీసుకున్న నా బ్యాంకు స్టేట్‌మెంటు మీద, పేజీకొకసారి చొప్పున, మీరు పద్నాలుగు సార్లు పడాలి. పదమూడు సార్లు పడ్డారు, ఒకసారి పడినట్టు నటించారు.

ఆ నటన నిన్న చెన్నైలో బయటపడింది. వీసా సెంటర్ కౌంటర్లో అమ్మాయి కాగితాలు చకచకా తిప్పుతూ వచ్చి పదకొండో పేజీ దగ్గర ఆగింది, దాన్ని ఎత్తి లైటుకి పట్టుకుని చూసింది. నేనూ చూశాను. ఊదారంగులో విదియ చంద్రుడిలా ఒక వంపు, దాని పక్కన బ్రాంచి పేరులో చివరి రెండక్షరాలు, మిగతాదంతా తెల్ల కాగితం. "సీల్ క్లియర్‌గా లేదు మ్యామ్. ఇలాగే ఇవ్వాలంటే ఇవ్వొచ్చు, కానీ రిస్క్ మీదేనని రాసివ్వాలి" అంది. 90 యూరోల ఫీజు వెనక్కి రానిది, సదస్సు ముప్పై రెండు రోజుల్లో, నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, వాళ్లకు అనుమానం వస్తే 45 దాకా లాగొచ్చు. రిస్కా? నా మొహమా? కాగితాలు ఏరుకుని, ఇంకో స్లాటు వెతుక్కుని, తిరుపతి రైలెక్కాను.

స్లాటు దొరికించుకోవడం నాకు కష్టం కాదు, 300 రూపాయల దర్శనం టికెట్ల కోసం చుట్టాలందరి తరఫునా ఆన్‌లైన్లో వేళ్లరగదీసిన దాన్ని. క్యూలంటే కూడా భయం లేదు. కానీ కొండ మీద కంపార్టుమెంటులో కూర్చోబెట్టినా మధ్యలో పాలో ఉప్మానో పెడతారు, అవతల దేవుడున్నాడని గ్యారంటీ కూడా ఉంటుంది. (హైదరాబాదు ఫ్రెండ్ ఒకతి, వీసాలిప్పిస్తాడని పేరున్న బాలాజీ గుడికి, చిలుకూరు వెళ్లి పదకొండు ప్రదక్షిణాలు చెయ్యమంది. ఏడుకొండల కింద ఇల్లు పెట్టుకుని ఆ స్వామి కోసం చిలుకూరు ఏం పోతాం? అయినా, ఏమో, టికెట్ ధర చూశాను.)

మిగతా తిప్పలు మీ ఖాతాలో వెయ్యను. ఫోటో 35 ఇంటూ 45 మిల్లీమీటర్లు ఉండాలంటే స్టూడియో అబ్బాయి కొలత సరిగ్గానే పెట్టాడు, నన్ను మాత్రం నాలుగు షేడ్లు తెల్లగా చేశాడు. 30,000 యూరోల ఇన్సూరెన్సు తీసుకున్నాను, ఇంట్లో వాళ్లకి తెలిస్తే నన్ను అక్కడే ఉండమంటారు. రేణిగుంట విమానాశ్రయం పేరులో అంతర్జాతీయం ఉంది, అది పేరులోనే బాగుంది. ఇవన్నీ భరించాను సీలు గారూ. మిమ్మల్నే భరించలేకపోతున్నాను.

మంగళవారం ఏం జరిగిందో ఒకసారి గుర్తుచేసుకోండి. ప్యాడు ఎండిపోయింది. అటెండరు బిస్లరీ సీసా మూతతో రెండు చుక్కల నీళ్లు పోశాడు. మిమ్మల్ని దాని మీద అదిమి, నోటి దగ్గర పెట్టుకుని "హా" అని ఊది, ముందు తన అరచేతిలో కొట్టి చూసుకున్నాడు. అరచేతిలో మాత్రం ఎంత చక్కగా పడ్డారండీ! బ్రాంచి పేరు, కోడు, నడుమ చుక్క, అన్నీ. ఆ చెయ్యి కోసి పంపినా వీసా ఇచ్చేవాళ్లు. తర్వాత నా పేజీల దగ్గరికొచ్చేసరికి నీరసం. సీలూ సీలూ ఎందుకు పడలేదు? ప్యాడు తడవలేదు. ప్యాడూ ప్యాడూ ఎందుకు తడవలేదు? ఇండెంటు పాస్ కాలేదు. ఇలా పోతే చివర్లో చీమ వస్తుంది, అదైనా ఏదో కారణం చెప్తుంది.

అసలు పద్నాలుగు పేజీలు ఎందుకయ్యాయంటే టీకి కూడా యూపీఐ కొట్టినందుకు. పదకొండో పేజీ అంతా అదే: అలిపిరి దగ్గర టీ 15, ఆటో 40, కాకరకాయలు 30, మళ్లీ టీ. నా పరిశోధన ఫెలోషిప్ లైను ఒక్కటి వస్తుందని ఆశగా వెతికితే అది తొమ్మిదో పేజీలో, మూడు నెలల బాకీ కలిపి, ఒకేసారి పడింది. ప్రతి పేజీ కింద సన్నటి అక్షరాల్లో ఒక మాట ఉంది, చదివారా? ఇది కంప్యూటర్ తయారు చేసిన స్టేట్‌మెంటు, దీనికి సంతకం అవసరం లేదు అని. మీరు సరిగ్గా ఆ మాట మీదే పడ్డారు. పదమూడు చోట్ల.

డిజిటల్ సంతకం చెల్లుతుందని మన దేశంలో 2000లోనే చట్టం వచ్చింది. యూరప్‌లో చూస్తే, 1985 జూన్ 14న షెంగెన్ అనే పల్లె దగ్గర మోజెల్ నదిలో పడవ మీద కూర్చుని ఐదు దేశాల వాళ్లు మన మధ్య ఈ సరిహద్దు తనిఖీలు వద్దని సంతకాలు పెట్టుకున్నారు, ఇప్పుడవి 29 దేశాలు, నేనడిగే వీసా వాళ్లదే. మనలాంటి వాళ్ల పాస్‌పోర్టుల మీద ముద్రలు కొట్టడం కూడా 2025 అక్టోబరు 12 నుంచి దశలవారీగా మానేసి, వేలిముద్రలు, ముఖం కంప్యూటర్లో నమోదు చేసుకుంటున్నారు. వాళ్ల సీలు వాళ్లే బీరువాలో పెట్టేశారు. మరి నువ్వెవరు? నీకెందుకింత? పిడికెడు లేవు, కింద రబ్బరు, పైన అరిగిపోయిన కొయ్య పిడి. మూడేళ్లు ఎండలో బావులెంట తిరిగిన నా మాట కన్నా నీ వంకర ఊదా గుండ్రమే వాళ్లకి నిజమా?

నేను వెళ్లేది వియన్నాకి. డాన్యూబ్ పక్కన నిలబడి, ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుక తప్ప ఏమీ కనపడని మా స్వర్ణముఖి కింద నీళ్లెంత ఉన్నాయో పోస్టరు పెట్టి చెప్పడానికి. తిరిగి వస్తావని రుజువేది అంటారు. నాన్న పేరు మీదున్న ఎకరా పావు తోతాపురి తోట పాసుపుస్తకం జిరాక్సు పెట్టాను. అసలు రుజువు పెట్టడానికి గడి లేదు. నా బావులన్నీ తొండవాడ నుంచి శ్రీకాళహస్తి దాకా ఉన్నాయి, వానలు మొదలయ్యేలోపు నీటిమట్టాలు కొలవాలి. నేను రాకపోతే ఎవరు కొలుస్తారు, నువ్వు కొలుస్తావా?

క్షమించాలి, ఏకవచనం వచ్చేసింది.

రేపు పది గంటలకు వస్తాను. ఇంటికొస్తూ గాంధీ రోడ్డులో ఊదారంగు ప్యాడు ఒకటి కొన్నాను, మీకోసమే. మూత తీసి వేలితో నొక్కి చూశాను, బాగా తడిగా ఉంది, బొటనవేలికి అంటుకున్నది ఇంకా పోలేదు. 60 రూపాయలు, ఫోన్‌లోనే కొట్టాను. అది కూడా స్టేట్‌మెంటులో ఒక లైను అవుతుంది. రేపు తాజాగా ప్రింటు తీస్తే పదిహేనో పేజీ వచ్చేట్టుంది, దాని మీద కూడా తమరే పడాలి.

ఇట్లు,
మీ ఖాతాదారు, విధేయురాలు