సప్పుడు రాకుండ దుంకాలె

హన్మకొండల ఒక అద్దె ఇల్లు, పై అంతస్తు. ఆదివారం పొద్దున ఆరున్నర. ఎనిమిదింటికి కాజీపేటోళ్లతోని వాలీబాల్ మ్యాచ్ ఉన్నది. రాజేశం నిక్కరేస్కొని కొత్త మోకాలి తొడుగు (నీ క్యాప్) ఎక్కిస్తున్నడు. ఆయన భార్య సుగుణ సర్కారు బడిల పీఈటీ. ఆదివారం గూడ మెడల విజిల్ తియ్యదు.

సుగుణ: ఆ తొడుగు ఎంతకు తెచ్చినవ్?

రాజేశం: 350. ఇగ ఎవడొచ్చి గుద్దినా నా మోకాలికి ఏం గాదు.

సుగుణ: నిన్నెవడు గుద్దుతడు? నడుమ నెట్టున్నది గద. అది మోకాలిని ఎచ్చగ ఉంచుతది, అంతే. మెలివడే మోకాలిని ఆపే బలం దానికి లేదు.

రాజేశం: ఎవడూ తగలకుంటె, బొక్కను బొక్కకు పట్టివెట్టే లిగమెంట్ ఉత్తగనే తెగుతదా?

సుగుణ: ఉత్తగనే తెగుతది. సగానికన్న ఎక్కువ మందికి అట్లనే తెగుతది. స్పెయిన్ బ్యాడ్మింటన్ పిల్ల కరోలినా మారిన్ యాదికున్నదా?

రాజేశం: లేకేంది! 2016ల రియో ఫైనల్ల మన సింధును ఓడగొట్టింది. ఆ రోజు నేను అన్నం గూడ తినలే.

సుగుణ: రెండుసార్లు తిన్నవ్. ఆ పిల్ల 2019ల జకార్తల మన సైనాతోని ఫైనల్ ఆడుకుంట దుంకి దిగింది, కుడి మోకాలు పోయింది. సైనా నెట్టవతల ఉన్నది. 2021ల ఎడమది పోయింది, టోక్యో ఒలింపిక్స్‌కు పోలేకపాయె. 2024ల పారిస్ సెమీఫైనల్ల గెలుస్తనే ఉన్నది, మల్ల కుడిది. ఎవరు తగిలిండ్రు?

రాజేశం: సింధు ఉసురు తగిలింది.

సుగుణ: నోరు ముయ్యి. అంత తయారైన మనిషికే అట్లయింది. నువ్వు మంచం మీదికెళ్లి లేసి సక్కగ స్మాష్ కొడ్తనంటున్నవ్.

రాజేశం: 30 ఏండ్ల సంది ఆడుతున్న. ఏమన్న అయ్యిందా?

సుగుణ: 30 ఏండ్ల కింద నీ బరువెంత?

(రాజేశం నీ క్యాప్ సర్దుకున్నడు. ఇసొంటి ప్రశ్నకు ఏ మొగడూ అంకె చెప్పడు.)

సుగుణ: ఇటు రా. ఈ స్టూలు మీదికెళ్లి కిందికి దుంకు.

(దుంకిండు. బియ్యం బస్తా ఏసినట్టు ఇల్లంత అదిరింది. కిందికెళ్లి ఓనర్ కేకేసిండు: "సార్, పైన ఏం కూలింది?")

సుగుణ: ఇన్నవా? దిగితె సప్పుడు రావొద్దు. ముందుగాల మునివేళ్లు ఆనాలె, మోకాళ్లు, తుంట్లు వంగాలె. నువ్వు కాళ్లు కట్టెల్లెక్క పెట్టి మడిమల మీద దిగుతున్నవ్. ఆగు.

(డ్రెస్సింగ్ టేబుల్ అద్దానికి అంటించిన బొట్టుబిళ్లలు రెండు తీస్కొచ్చింది. తొడుగు గుంజి పారేసి, ఒక్కో మోకాలు చిప్ప మీద ఒక్కోటి అంటించింది.)

రాజేశం: ఇదేం ఏషమే! కాజీపేటోళ్లు సూస్తె ఊర్ల తల ఎత్తుకోలేను.

సుగుణ: మల్ల దుంకు. తలకాయ వంచి బొట్లను సూడు.

(దుంకిండు. రెండు బొట్లు లోపలికి తిరిగి ఎదురెదురుగ నిలవడ్డయ్.)

రాజేశం: ఇవి ఒకదాన్నొకటి సూస్కుంటున్నయేందే?

సుగుణ: అదే రోగం. బొట్లు ముందటికి, కాలి వేళ్ల దిక్కు సూడాలె. మోకాలు లోపలికి వాలి, పాదం నేలకు అతుక్కుపోయి, పైన మనిషి తిరిగిండనుకో, లోపలున్న ముందటి లిగమెంట్ తెగుతది. డాక్టర్లు ఏసీఎల్ అంటరు. కింది బొక్క ముందటికి జారకుండ పట్టేది అదే.

రాజేశం: తెగితె కట్టు కట్టించుకుంట. నూనెతోని రుద్దిస్త.

సుగుణ: మా పదో తరగతి పిల్ల ఖోఖోల గిర్రున తిరిగి కూలవడ్డది. మోకాలు టప్పుమన్నదట. రెండు గంటలల్ల బూరుకున్నది. వాళ్ల నాయిన నీలాంటోడే, రోజూ రుద్దించిండు. వాపు దిగింది, నయమైందన్నరు. నెలకు మెట్లు దిగుతుంటె మోకాలు జారి మల్ల పడ్డది. ఎమ్మారై తీస్తె అప్పుడు బయటవడ్డది. ఒకటే ఆట ఆడినా మొగపిల్లలకన్న ఆడపిల్లలకు ఈ దెబ్బ రెండింతల పైనే. అందుకే మా పిల్లలను ముందు దిగుడు నేర్చినంకనే ఆడనిస్త.

రాజేశం: బొక్క ఇరిగితె అతుక్కుంటలేదా? ఇది గూడ అతుక్కుంటది.

సుగుణ: ఇది తెగితె తనంతట తాను అతుక్కునుడు అరుదు. ఆపరేషన్ అంటె తొడ ఎన్కదో, మోకాలు ముందటిదో కండను బొక్కకు కట్టే తాడసొంటిది తీసి కొత్తది కడ్తరు. మల్ల ఆటకు పోవాల్నంటె 9 నెలలన్న ఆగాలె.

రాజేశం: 9 నెలలా!

సుగుణ: నేను రెండుసార్లు మోసిన. నువ్వొక్కసారి మోసి సూడు.

(ఈ మాట తర్వాత ఆయన గొంతు జర తగ్గింది.)

రాజేశం: సరే, ఏం చెయ్యాల్నో చెప్పు. జల్ది చెప్పు.

సుగుణ: ఫీఫా వాళ్ల లెవెన్ ప్లస్ అని, దెబ్బలు తగలకుండ ఆటకు ముందు చేసే వార్మప్ ఉన్నది. 20 నిమిషాలు. 8 నిమిషాలు మెల్లగ ఉరుకుడు, 10 నిమిషాలు బలం, బ్యాలెన్సు, దుంకుడు, ఆఖరికి 2 నిమిషాలు జోరుగ ఉరుకుడు. వారానికి రెండుసార్లన్న చెయ్యాలె.

రాజేశం: ఫీఫా అంటె ఫుట్‌బాల్. మాది వాలీబాల్.

సుగుణ: నీ మోకాలికి ఏ ఆటనో ఎరుకనా? నార్వేల 13 నుంచి 17 ఏండ్ల ఆడపిల్లల మీద చేసి సూసిండ్రు. 2008ల అచ్చయింది. పెద్ద దెబ్బలు సగం దాక తగ్గినయట. నడువు డాబా మీదికి.

(డాబా మీద 8 నిమిషాలు ఉరికిచ్చింది. ఒంటికాలు మీద నిలవెట్టింది. నీళ్ల ట్యాంకు పట్టుకుంటె విజిల్ ఊదింది. తర్వాత చాప పరిచి మోకాళ్ల మీద కూసోవెట్టి, ఎన్కకెళ్లి రెండు మడిమలు గట్టిగ పట్టుకున్నది.)

రాజేశం: పెండ్లయినంక నా కాళ్లు పట్టుకునుడు ఇదే మొదటిసారి.

సుగుణ: ఆఖరుసారి గూడ. నడుము వంచకుండ మెల్లగ ముందుకు వాలు. తొడ ఎన్క కండకు బలం ఇది. ఆ కండనే లిగమెంట్‌కు తోడుండి కింది బొక్కను ఎన్కకు గుంజుతది.

(ఒక జానెడు వాలిండు. ఆ తర్వాత దబ్బున చాప మీద బోర్ల వడ్డడు. కిందికెళ్లి ఓనర్ మల్ల కేకేసిండు. ఈసారి "సార్" అనలే.)

రాజేశం: (పండుకొనే, ఫోన్ తీసి) అన్నా... నేను గీ మ్యాచ్‌ల ఆడ్తలేనే. ఎంపైరింగ్ చేస్త... ఏం గాలే, మంచిగనే ఉన్న... ఆఁ, విజిల్ ఉన్నది, ఇంట్లనే ఉన్నది. (ఫోన్ పెట్టేసి) అయిపాయె. ఎంపైర్‌కు దుంకుడుండదు. ఇగ చాయ్ పెట్టు.

సుగుణ: ఎంపైర్ ఎత్తు స్టాండ్ మీదికెళ్లి దిగడా? లే, ఇంకా 8 నిమిషాలున్నయ్.