తవ్వకపోయినా గుమ్మడి కాస్తుంది
ఇంగ్లండ్‌లో అలాట్‌మెంట్ (కూరగాయలు పండించుకోవడానికి అద్దెకిచ్చే చిన్న నేల) చేతికి రాగానే మొత్తం తవ్వమని ఒక వ్యాసంలో రాశారు. కానీ కౌచ్ గడ్డి (నేల కింద పాకే మొండి కలుపు) అల్లుకున్న మడిని తవ్వితే తెగిన ప్రతి వేరుముక్కా మళ్లీ మొలుస్తుందండీ. కలుపును నేలబారుగా కోసి, బాగా తడిపి, నల్లటి నేత షీట్ (కలుపుకు వెలుతురు అందకుండా ప్లాస్టిక్ పోగులతో నేసిన పట్టా) పరిచి అంచులు మట్టిలో పూడ్చండి. మామూలు ప్లాస్టిక్ వద్దు, వాన నీరు దిగదు. మొక్కలు నాటే రంధ్రాలు షీట్‌లో కత్తిరిస్తే పోగులు ఊడొస్తాయి. కాల్చి చేస్తే అంచు గట్టిపడుతుంది. మే చివర్లో మంచు భయం పోయాక గుమ్మడి మొక్కలు మీటరున్నర ఎడంలో, గుంటకు నాలుగు దోసిళ్ల కంపోస్టు వేసి నాటాలి. క్యారెట్‌కు ఈ పద్ధతి దండగ. స్లగ్‌లు (గుల్లలేని నత్తలు) షీట్ కిందే కాపురం పెడతాయి, చీకటి పడ్డాక టార్చ్‌తో ఏరాలి. బైండ్‌వీడ్ (మొక్కలకు చుట్టుకునే తీగ కలుపు) మాత్రం వెలుతురు వెతుక్కుంటూ సరిగ్గా మొక్క పక్కనుంచే తలెత్తుతుంది, కనిపించినప్పుడల్లా పీకాల్సిందే.