వంతెనను మాయం చేసే విద్య

విదేశంలో ఉంటున్న తెలుగు పోర్ట్రెయిట్ ఫోటోగ్రాఫరు మీద లోకంలో కొన్ని అపవాదులు ప్రచారంలో ఉన్నాయి. శనివారం వస్తే ఇంటిపట్టున ఉండడనీ, సంపాదనంతా లెన్సులకే తగలేస్తాడనీ, ప్రకృతి అందాలంటే పడి చస్తాడనీ అంటారు. మొదటి రెండింటి సంగతి అతని భార్యే చెప్పాలి. మూడోది మాత్రం పచ్చి అబద్ధం. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతంలో అలాంటి ఒక కళాకారుడికి రిఫ్లెక్టరు, అంటే వెలుగును ముఖం మీదికి తిప్పే పలక, పట్టుకునే ఉద్యోగం జీతం లేకుండా వెలగబెడుతున్నవాణ్ణి కాబట్టి, ఈ నింద తుడిచేయవలసిన బాధ్యత నా మీద ఉంది. అతను ప్రకృతిని వెతుక్కుంటూ వెళ్లేది చూడటానికి కాదు, చెరపడానికి.

అతని దగ్గర 85 ఎం.ఎం. లెన్సు ఉంది. అపర్చరు, అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం, 1.4; ఈ అంకె ఎంత తగ్గితే వెనకదంతా అంత మసక. మనిషి రెండు మీటర్ల దూరంలో నిలబడితే ఈ లెన్సు స్పష్టంగా చూపించే లోతు 5 సెంటీమీటర్లు కూడా ఉండదు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు, చెవి జుంకాలు మాత్రం మసక. చెవికే దిక్కు లేనప్పుడు వెనక ఉన్న వంతెనను ఎవరు పట్టించుకుంటారు? 1937లో ప్రారంభమైన గోల్డెన్ గేట్ వంతెనకు ఒక్కో స్తంభం 227 మీటర్ల ఎత్తు, రెండు స్తంభాల నడుమ 1,280 మీటర్ల దూరం. అంతమంది ఇంజనీర్లు, కార్మికులు చెమటోడ్చి కట్టిన ఆ కట్టడాన్ని మావాడు ఒక్క క్లిక్కుతో నారింజ రంగు మరకగా మార్చేస్తాడు. ఆ మరక కోసమే తెల్లవారకముందే లేచి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని, గంటకు పైగా కారు నడుపుకుంటూ వస్తాం.

ఈ మాత్రం దానికి ఇంత దూరం రావడం దేనికి, మీ అపార్ట్‌మెంటు గోడకు ఒక నారింజ దుప్పటి వేలాడదీస్తే సరిపోదా అని అడిగాను. నా అజ్ఞానానికి అతను జాలిపడ్డాడు.

“దుప్పటి మసక వేరు అన్నా, వంతెన మసక వేరు.”

తేడా నాకు ఇప్పటికీ తెలియలేదు. కానీ శాస్త్రం అన్నాక సామాన్యులకు అందనిది కొంత ఉంటుంది.

మసక మీద అతనికి ఇంత మక్కువ ఉంది కదా, శాన్ ఫ్రాన్సిస్కో పొగమంచును చూస్తే పొంగిపోవాలి. వేసవిలో కాలిఫోర్నియా లోపలి భాగంలోని సెంట్రల్ వ్యాలీ మైదానం వేడెక్కి గాలి పైకి లేస్తే, ఆ ఖాళీలోకి సముద్రం మీది చల్లని తేమగాలి దూసుకొస్తుంది. తీరం పొడవునా కొండలు అడ్డం; దారి దొరికేది వంతెన ఉన్న గోల్డెన్ గేట్ జలసంధి దగ్గర. అందుకే జులై, ఆగస్టు నెలల్లో మంచు అంతా ఆ సందులోంచి వచ్చి వంతెనను మింగేస్తుంది. ఊరివాళ్లు దానికి కార్ల్ అని మనిషి పేరు కూడా పెట్టుకున్నారు. లెన్సు ఖర్చు లేకుండా దేవుడే స్వయంగా మసక చేసి ఇస్తున్నాడన్నమాట. మావాడు మాత్రం కొండ మీద నిలబడి కార్ల్‌ను నానా మాటలూ అంటాడు.

“వంతెన కనబడటం లేదన్నా!”

“కనబడితే ఏం చేస్తావు?”

“కనబడకుండా చేస్తాను.”

ఇక్కడ వాదించకూడదు. ఎదుటివాడి ఆస్తిని దేవుడు ధ్వంసం చేస్తే అది విపత్తు, కళాకారుడు చేస్తే కళ.

మేము ఎక్కువగా వెళ్లేది వంతెనకు ఉత్తరాన ఉన్న బ్యాటరీ స్పెన్సర్ అనే పాత ఫిరంగి స్థావరానికి. 1890లలో శత్రునౌకలను ముంచడానికి అమెరికా సైన్యం అక్కడ ఫిరంగులు పెట్టింది. శత్రువు రాలేదు. ఫిరంగులు పోయాయి, కాంక్రీటు మిగిలింది. ఇప్పుడక్కడికి కంచిపట్టు చీరలు వస్తున్నాయి. నెలలు నిండుతున్న గర్భిణులు, మోచేతి వరకు గాజులు, మెడలో పూలదండ, కుచ్చిళ్ల కింద నడక బూట్లు. ఆ బూట్లు ఫోటోలో పడవు, పడినా మసకే.

అసలైన విద్య పైట దగ్గర ఉంది. పైట గాలిలో తేలుతున్నట్టు ఉండాలి. అందుకు నేను దాని కొసను పట్టుకుని దూరంగా వంగి కూర్చుంటాను. “ఒకటి, రెండు...” అంటాడు. మూడు అనగానే కొసను పైకి విసిరి, అదే ఊపులో ఫ్రేములోంచి బయటికి పరుగెత్తాలి. పైట దిగేలోపు నేను మాయం కావాలి. పసిఫిక్ గాలికి మా లెక్కలతో పని లేదు. రెండు దగ్గరే వీస్తుంది. పైట వెళ్లి అమ్మాయి ముఖానికి చుట్టుకుంటుంది, నా చంకలోని రిఫ్లెక్టరు తెరచాపలా విచ్చుకుని నన్ను లోయ వైపు లాగుతుంది. ఇంత జరుగుతున్నా “నవ్వు ఆపకండి అక్కా” అంటాడే, అతని నిబ్బరం అక్కడ చూడాలి.

డబ్బు తీసుకుంటాడా అని సందేహించకండి. హెచ్-1బి వీసా మీద ఉన్నవాడు ఆ వీసా ఇప్పించిన కంపెనీకే పనిచేయాలి. అందువల్ల అతని కళ పూర్తిగా నిస్వార్థం. మధ్యాహ్నం బిర్యానీ ఎవరు పెట్టించారన్నది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

చట్టం కూడా అతనివైపే ఉంది. 2025 జనవరిలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం జాతీయ పార్కుల్లో ఎనిమిది మంది వరకు, చేత్తో మోసుకెళ్లే పరికరాలతో ఫోటోలు తీసుకుంటే చాలా సందర్భాల్లో అనుమతి అక్కర్లేదు. చట్టం చేసినవాళ్లు తెలుగువారి సీమంతం చూసినట్టు లేదు. దంపతులు, ఇరువైపుల తల్లిదండ్రులు అనేసరికే ఆరుగురు. ఫోటోగ్రాఫరూ నేనూ కలిస్తే ఎనిమిది. మరి ఆడపడుచు, ఆమె ఇద్దరు పిల్లలు? వాళ్లు కాస్త ఎడంగా నిలబడి, ఈ కుటుంబంతో ఏ సంబంధమూ లేని పర్యాటకుల్లా సముద్రం చూస్తుంటారు. పెద్దది మధ్యమధ్యలో “మామయ్యా” అని పిలిచి గుట్టు రట్టు చేస్తుంది.

కాన్పు చేయడానికి తెనాలి నుంచి వచ్చిన తల్లిగారు ఫోటోలు చూసి ఒక్కటే అడిగారు. “వంతెన ఏది నాయనా?” మావాడు మరకను వేలితో చూపించాడు. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత తన ఫోను అల్లుడి చేతికిచ్చి కూతురి పక్కన నిటారుగా నిలబడ్డారు. ఆ ఫోటోలో వంతెన ఉంది, ఓడ ఉంది, కాళ్లున్నాయి, బూట్లున్నాయి, చెత్తడబ్బా కూడా ఉంది. తెనాలిలో బంధువులంతా దాన్నే మెచ్చుకున్నారు. మావాడి ఫోటో చూసి మాత్రం, ఏ స్టూడియోలో తీయించారని అడిగారట.

చివరగా వంతెన నిర్వాహకులకు ఒక మనవి. కట్టే రోజుల్లో నౌకాదళం వంతెనకు నలుపు, పసుపు చారలు వేయమంది. వాస్తుశిల్పి ఇర్వింగ్ మారో పట్టుబట్టి ఆ నారింజ రంగును నిలబెట్టాడు. లేకపోతే ఈపాటికి కొన్ని వందల సీమంతాల్లో అమ్మాయిల వెనక పెద్దపులి తిరుగుతున్నట్టు ఉండేది. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఏడాది పొడవునా అక్కడ రంగులు వేస్తూనే ఉంటారు. రంగు పోనివ్వకండి, మాకు అది చాలు. తీగలు, బోల్టులు, అంచులు అంత నున్నగా ఉండాల్సిన అవసరం మావైపు నుంచి ఏమీ లేదు.

వచ్చే శనివారం యోసెమిటీ జాతీయ పార్కుకు ప్రయాణం. అక్కడ ఎల్ కాపిటన్ అనే ఒంటిరాతి కొండ లోయలోంచి దాదాపు 3,000 అడుగులు నిట్టనిలువుగా లేచి ఉంటుంది. అంత పెద్దది పూర్తిగా కరుగుతుందో లేదోనని మావాడికి బెంగ పట్టుకుంది, 1.2 లెన్సు అద్దెకు దొరుకుతుందేమో కనుక్కుంటున్నాడు.