శాంటాకి ఎర్ర కోటు తొడిగింది కోకాకోలా కాదు

డిసెంబరు వస్తే చాలు, వాట్సాప్‌లో ఈ ముక్క తిరుగుతుంది: "శాంటా అసలు ఓడిన్ అనే పాత దేవుడు. ఆకుపచ్చ బట్టలు వేసుకునేవాడు. 1931లో కోకాకోలా తన రంగులు పులిమి నేటి క్రిస్మస్ తాతని తయారుచేసింది."

ముందు కంపెనీ సంగతి. హాడన్ సండ్‌బ్లోమ్ అనే చిత్రకారుడు 1931 నుంచి 1964 దాకా ఆ ప్రకటనలకు శాంటాని గీసిన మాట నిజం. చలికాలంలోనూ కూల్‌డ్రింక్ అమ్ముడుపోవాలన్నది కంపెనీ ఆరాటం. ఆ నవ్వుమొహాన్ని ఊరూరా పాకించింది ఆ బొమ్మలే. పుట్టించింది మాత్రం అవి కావు. 1931కి ముందు తేదీ ఉన్న ఎర్రకోటు శాంటా ఒక్కడు దొరికినా ఆ వాదన కూలినట్టే. అమెరికా హాస్యపత్రిక 'పక్' 1902 డిసెంబరు ముఖచిత్రం తీసి చూడండి, ఎర్ర కోటే. గడ్డం, బొజ్జ, చేతినిండా బొమ్మలు, పొడుగాటి పైపు 1881 నాటికే 'హార్పర్స్ వీక్లీ' అనే అమెరికా వారపత్రికలో చిత్రకారుడు థామస్ నాస్ట్ గీసేశాడు. (ఆ అచ్చు నలుపు తెలుపు. నెట్‌లో తిరిగే రంగుల ప్రతి తర్వాత దిద్దింది. దాన్ని ఎరుపుకి సాక్ష్యంగా చూపకండి.) పానీయాల ప్రకటనల్లోనూ వీళ్లకంటే ముందే వైట్ రాక్ కంపెనీ శాంటాని వాడుకుంది: 1915లో మినరల్ వాటర్‌కి, 1923లో జింజర్ ఏల్‌కి.

ఆకుపచ్చ మాటలో సగం నిజముంది. 1843లో వచ్చిన ఇంగ్లిష్ రచయిత డికెన్స్ క్రిస్మస్ కథలో ఒక ఆత్మ ఆకుపచ్చ అంగీతో కనబడుతుంది. ఇంగ్లండు ఫాదర్ క్రిస్మస్‌నీ అలా గీశారు, ఎరుపులోనూ గీశారు. పైగా పాతకాలంలో ఆయన పని విందూ వినోదమూ, పిల్లలకు కానుకలు పంచడం కాదు.

ఇక ఓడిన్, ఉత్తర యూరప్ పాత దేవుడు. ఆయన గుర్రానికి ఎనిమిది కాళ్లు, శాంటా బండికి ఎనిమిది జింకలు, ముఖ్యంగా చూపే ఆధారం ఇదే! 1821లో న్యూయార్క్‌లో అచ్చయిన పిల్లల పుస్తకంలో బండికి కట్టింది ఒక్క జింకనే. ఎనిమిది అయ్యింది 1823లో 'ట్రాయ్ సెంటినెల్' పత్రిక వేసిన పద్యంలో. గుర్రం కాళ్ల లెక్కే మూలమైతే రెండేళ్ల ముందు ఒక్కటే ఎందుకుంది? దొరికే దారి వేరు: నాలుగో శతాబ్దంలో నేటి టర్కీలోని మైరాకి బిషప్పుగా ఉన్న నికొలస్, ఆయన పండగ డిసెంబరు 6, దాని ముందురోజు సాయంత్రం బిషప్ టోపీతో, ఎర్రటి పైవస్త్రంతో కానుకలిచ్చే డచ్చి సింటర్‌క్లాస్, ఆ పేరుతోనే న్యూయార్క్ శాంటా.

యూరప్ అంతటా ఈ తాతే తిరుగుతాడనుకోవడమూ పొరపాటే. స్పెయిన్‌లో కానుకలు తెచ్చేది ముగ్గురు రాజులు, ఇటలీలో బెఫానా ముసలమ్మ, వీళ్లంతా వచ్చేది జనవరి 6కి. జర్మనీలో చాలాచోట్ల బాలయేసు. రష్యా పిల్లలకు దేద్ మరోజ్ వచ్చేది కొత్త సంవత్సరానికి.