డేటా ఉండగా దారి అడగడమెందుకు

మా బామ్మర్దికి దారి అడగడం నామోషీ. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. పండక్కి వచ్చినా లాప్‌టాప్ సంచి భుజం దిగదు. అలాంటివాడి చేతికి మా అపార్ట్‌మెంట్ వాళ్ళు పెట్టిన ట్రెజర్ హంట్ చిక్కింది.

సంక్రాంతికి ముగ్గులు, గాలిపటాలు అయ్యాక ఏదో ఒక ఆట ఉండాలి కదా. మా సెక్రటరీగారు పోర్టులో చేసి రిటైరైన మనిషి. ఈసారి వైజాగంతా తిరిగే ఆట పెడదాం అన్నారు. చీటీలు ఆయనే రాశారు, అదీ కవిత్వంలో. ఛందస్సు ఉందో లేదో చెప్పలేను గానీ అర్థం కాకపోవడం మాత్రం నిండుగా ఉంది. మొదటి బహుమతి ఐదు లీటర్ల కుక్కరు. ఎంవీపీ కాలనీలో కుక్కరు లేని ఇల్లు ఉండదు. అయినా దానికోసం అందరూ కార్లు తీశారు.

మా జట్టులో నేను, మా ఆవిడ, అత్తయ్యగారు, బామ్మర్ది.

“బుర్ర బద్దలుకొట్టుకోవడం ఎందుకు బావా? జవాబులన్నీ స్థలాల పేర్లే కదా. పేర్లన్నీ ఫైళ్ళలో ఉన్నాయి” అన్నాడు వాడు, కారు ఎక్కుతూనే.

జియోనేమ్స్ అని ఇంటర్నెట్లో స్థలాల పేర్ల చిట్టా ఒకటి ఉందట. కోటికి పైగా స్థలాలు, దేశానికో ఫైలు, దించుకోవడానికి పైసా అక్కర్లేదు. వరుసకో పేరు, దాని పక్కన అక్షాంశం, రేఖాంశం, అదేమిటో చెప్పే కోడు. ఊరైతే పీపీఎల్, కొండైతే హెచ్‌ఎల్‌ఎల్. ఒకే చోటుకి ఎన్ని పేర్లుంటే అన్నీ రాసిపెడతారు. మన ఊరికే చూడండి, విశాఖపట్నం, వైజాగ్, తెల్లదొరల నాటి విజగపటం. 2004లో మొదలైన ఆన్‌లైన్ పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనైతే ఎవరైనా వెళ్ళి తమ వీధి చివర టీ బడ్డీని కూడా ఎక్కించొచ్చు. ఇలాంటి వాటిలోంచి, ఎక్కడెక్కడివో పాత జాబితాల్లోంచి విశాఖ చుట్టుపక్కల పేర్లు ఏరి మావాడు సొంతంగా ఒక ఫైలు చేసుకున్నాడు.

వెటకారం పక్కనపెడితే, పజిళ్ళకి ఇది పనికొచ్చే విద్యే. “చివర పాలెం, మొత్తం ఐదు అక్షరాలు” అంటే చాలు, మద్దిలపాలెం, కంచరపాలెం, అక్కయ్యపాలెం వచ్చి వరసలో నిలబడతాయి. విశాఖలో పాలేలకేం కొదవ? కాకపోతే మా కారులో ఆ పాలేలన్నీ తిరిగి కూరగాయలు బేరమాడిన అత్తయ్యగారు కూడా ఉన్నారు.

మొదటి చీటీ: “దొర కట్టిన ఇల్లు మరియమ్మకి గుడైంది. పక్క కొండల మీద వెంకన్న, బాబా. ముగ్గురూ చూసేది ఓడలనే.”

మావాడు లాప్‌టాప్ తెరిచి హెచ్‌ఎల్‌ఎల్ అని కొట్టేలోపే మా ఆవిడ “రాస్ హిల్” అనేసింది. 1864లో రాస్ అనే దొర అక్కడ ఇల్లు కట్టుకున్నాడని బళ్ళో చెప్పారట. “వెరిఫై చెయ్యనివ్వవేమే అక్కా!” అని వాడు మొహం మాడ్చుకున్నాడు.

రెండో చీటీ: “పేరులో ఇసుక, చెంత సముద్రం లేదు. పేరులో తోట, నిలబడ్డానికి నీడ లేదు.” ఇసుకతోట జంక్షన్, మా ఇంటి వెనకే. అత్తయ్యగారు ఆ మాట అనేసరికి బామ్మర్ది పెద్ద ఫైల్లో ‘ఇసుక’ వెతుక్కుంటూ నెల్లూరు జిల్లా ఇస్కపల్లి ఒడ్డున ఉన్నాడు.

మూడో చీటీ దగ్గర ఇంట్లో వాళ్ళకే ఏకాభిప్రాయం కుదరలేదు.

“కొండ మీద నీళ్ళు దాచుకున్నారు గుండు గీయించుకున్నవాళ్ళు, కింద అంత సముద్రం ఉన్నా గుక్కెడు తాగలేక.”

బౌద్ధ భిక్షువుల కొండ అని అందరికీ తెలిసింది. భీమిలి దారిలో అలాంటివి తొట్లకొండ, బావికొండ, పావురాలకొండ అని మూడున్నాయి. నీళ్ళ తొట్లు కాబట్టి తొట్లకొండే అని మా ఆవిడ. బావిలో మాత్రం ఉండేవి నీళ్ళు కావా అని అత్తయ్యగారు. తల్లీకూతుళ్ళ వాదనలో నేను తలదూర్చను. మావాడికి మాత్రం అదే అదనైంది.

“ఇలాంటప్పుడే డేటా కావాలి” అని సముద్రానికి దగ్గరగా ఉన్న కొండలన్నీ బయటికి లాగాడు. ఒక పేరు దొరికింది. ఏ కాలపు స్పెల్లింగో, మొదట తొట్లా, బావా తేలదు గానీ చివర కొండ మాత్రం ఖాయంగా ఉంది. అంకెలు ఫోన్లో కొట్టాడు. మ్యాపంతా తెల్లబోయింది. ముందు అక్షాంశం 17, తర్వాత రేఖాంశం 83 కొట్టాల్సింది తిరగేసి కొట్టాడు. నార్వే వాళ్ళ స్వాల్‌బార్డ్ దీవులు కూడా దాటి ఆర్కిటిక్ మంచులోకి పోయాం. “అంత దూరం కుక్కరు కోసం వెళ్ళలేంరా” అన్నారు అత్తయ్యగారు.

సరిచేశాక బయల్దేరాం. రుషికొండ దాటాం. మంగమారిపేట దగ్గర తొట్లకొండ బోర్డు కనిపించింది, మా ఆవిడ చెయ్యి పెట్టి మరీ చూపించింది. “ఫోను ఇంకా ముందుకు అంటోంది. పాయింటు తర్వాత ఐదంకెలున్నాయక్కా, మీటరు కూడా తేడా రాదు” అన్నాడు వాడు.

ఆ ఐదంకెల్లో చివరి మూడూ 333. పాత జాబితాల్లో చాలా పేర్లకి డిగ్రీలు, నిమిషాలు మాత్రమే రాసి వదిలేశారట. అక్షాంశంలో ఒక నిమిషమంటే 1.85 కిలోమీటర్లు. నిమిషాల్ని దశాంశాల్లోకి మారిస్తే చాలాసార్లు 333, 667 అని తోక వస్తుంది, చూడ్డానికి మహా కచ్చితంగా ఉంటుంది. ఈ సంగతి మాకు వాడే చెప్పాడు, రాత్రి భోజనాల దగ్గర.

మధ్యాహ్నం మాత్రం ఫోను “గమ్యం చేరుకున్నారు” అన్నచోట దిగాం. అదొక జీడితోట. కొండ లేదు, గుట్ట లేదు, కనీసం మిట్ట లేదు. మావాడు ఒక చేత్తో లాప్‌టాప్, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని నాలుగడుగులు తూర్పుకి, నాలుగడుగులు పడమరకి వేస్తున్నాడు.

భీమిలి చుట్టుపక్కల భూముల ధరలు తెలిసినవాళ్ళకి తర్వాత ఏం జరిగిందో చెప్పక్కర్లేదు.

ముందు ఒక పెద్దాయన వచ్చాడు. “ఏటి బాబూ, మళ్ళీ సర్వేకొచ్చినారా?”

“లేదు తాతా, ఇక్కడ కొండ ఉండాలి” అన్నాడు మావాడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

తాత నిర్ఘాంతపోయి వెనక్కి తిరిగి కేకేశాడు. “ఒరే, కొండ ఉండాలంట్రా ఇక్కడ!”

ఎక్కణ్ణుంచి వచ్చారో గానీ జనం పోగయ్యారు. కొండ తవ్వేస్తారట అని ఒకరు, రోడ్డు పడుతుందట అని ఒకరు. ఎకరా ఎంత చెబుతున్నారని ఒకాయన నన్ను పక్కకి పిలిచాడు. పెద్దాయన ఇంటికెళ్ళి పట్టాదారు పాసుపుస్తకం తెచ్చాడు. రీసర్వేలో ఆయన పదిసెంట్లు పక్కవాడి పేరున పడ్డాయి. ఎన్ని అర్జీలు పెట్టినా కదల్లేదు.

“మీ కంప్యూటర్లో తప్పుంటే సరిజేత్తారా బాబూ?”

ఇక్కడ కాదు అంటే పోయేది. మావాడికి పరోపకార బుద్ధి, పైగా తన డేటా మీద మమకారం. “ఇది అందరిదీ తాతా, తప్పుంటే ఎవరైనా మార్చొచ్చు” అన్నాడు.

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరైనా మార్చొచ్చంటే పక్కవాడు కూడా మార్చొచ్చు కదా! ఆ పక్కవాడు అక్కడే ఉన్నాడు. ఇద్దరూ లాప్‌టాప్‌కి చెరోవైపు చేరారు. మా ఆవిడ కారు స్టార్టు చేసి హారన్ కొడుతూనే ఉంది. అత్తయ్యగారు మాత్రం హాయిగా ఎవరింటి అరుగు మీదో కూర్చుని, కొబ్బరిబొండం తాగుతూ, జీడిపప్పు కిలో ఎంతకిస్తారని బేరమాడుతున్నారు.

బయటపడేసరికి మా చేతిలో అర్జీల కట్ట ఉంది. తొట్లకొండ ఎక్కుతుండగా సెక్రటరీగారు ఫోన్ చేశారు. కుక్కరు మూడో అంతస్తు వాళ్ళు పట్టుకుపోయారట. వాళ్ళు మంగమారిపేటలో ఆటో ఆపి దారి అడిగారట.

మర్నాడు మావాడు బెంగళూరు రైలెక్కేశాడు. ఆ గందరగోళంలో పెద్దాయనకి ఫోన్ నంబరు ఇచ్చాడని, అది తన నంబరు కాదు, నాదని, తర్వాత తెలిసింది. నేను సర్వేయర్ని కాదని, మాది ట్రెజర్ హంట్ అని ఎంత చెప్పినా ఆయన వింటాడు, ఊఁ కొడతాడు, చివర్లో గొంతు తగ్గిస్తాడు.

“అర్థమైనాది బాబూ. ఎంతిచ్చుకోవాలో సెప్పండి, మొగమాటం దేనికి?”